తన్నే ఎద్దు, దున్నే ఎద్దు

ధ్యాన వాక్యములు: సామెతలు 14:4, మత్తయి 11:28–30





కొన్ని వారముల క్రిందట ఆదివారపు బడిలో మత్తయి 11వ అధ్యాయము చదువుచు, కాడి అంటే ఏమిటని పిల్లలను అడిగాము. కొంతసేపు ఎవరూ పలుకలేదు. చివరకు ఒక చిన్నవాడు లేచి, "ఆడి కృత్తికకు తిరుత్తణి కొండకు భుజముమీద మోసుకొని పోయేది" అన్నాడు. వాడు కావడిని అనుకొన్నాడు. పెద్దలు నవ్వారు. అయితే తప్పు వానిది కాదు. వాని తండ్రి ఆవడిలో ఫ్యాక్టరీ పనికి పోవుచున్నాడు. వాని తాతగారి చేనిని ఇప్పుడు ట్రాక్టరు దున్నుచున్నది. వాడు కాడిని ఎక్కడ చూచును? మనకు చూచిన జ్ఞాపకము ఉన్నది గనుక చెప్పవలసిన బాధ్యత మనదే అని తోచినది. అందుచేత ఈ నెల ఒక ఎద్దు సంగతి చెప్పి, దానినుండి ప్రభువు మాకు నేర్పినదానిని మీతో పంచుకొనగోరుచున్నాము.

దూరదేశములలో రైతులు గుఱ్ఱములను నాగలికి కట్టిరని పుస్తకములలో చదువుచున్నాము. మన సీమలో గుఱ్ఱమునకు ఆ పని లేదు. అది స్టేషను బయట జట్కాకు కట్టబడి, గడ్డి నములుచు నిలుచుండేది. 1856లో మద్రాసు రాయపురమునుండి వాలాజా రోడ్డు వరకు వేసిన రైలుమార్గము తిరువళ్ళూరు మీదుగానే పోయినది. రైలు వచ్చిన తరువాత కూడ వందేండ్లకు పైగా మన చేలను దున్నినది, బావులలో నీళ్లు తోడినది, బస్తాలను స్టేషనుకు చేర్చినది ఎద్దు మెడయే.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రములో చేరినది. అందుచేత మన సంఘములలో రెండు విధముల వలసవారమున్నాము. కొందరము నెల్లూరు, ఒంగోలు వైపునుండి మూట కట్టుకొని పని వెదకుకొనుచు వచ్చినవారము. మరికొందరము గడప దాటకుండానే పొరుగు రాష్ట్రపువారమైనవారము. ఇరువురి పితరులలోను అనేకులు తోలుపని చేసి బ్రదికినవారు. రైతు కపిలకు తోలుతొండము కుట్టినది, ఎద్దు మెడకు పట్టెడ కుట్టినది, చర్నాకోల అల్లినది వారే. ఎద్దు మాత్రము వారిది కాదు. 1876–78 సంవత్సరముల గొప్ప కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించిన సంగతి, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనము పిల్లలకు చెప్పుచునే యున్నాము. అటువంటి జనమునుండి వచ్చిన ఒక మనుష్యుడు కూలి డబ్బు కూడబెట్టి సొంతముగా ఒక జత ఎద్దులను కొన్నాడంటే అది ఆ ఇంటికి ఎంత సంగతియో మీరే ఊహించండి. మా నాయన ఆ విధముగా కొన్నారు. మా వంశములో అదే మొదటి జత.

ఒంగోలు గిత్తల కీర్తి మీకు తెలియును. అవి 19వ శతాబ్దములోనే ఓడలెక్కి బ్రెజిలు దేశము చేరినవి. అక్కడ నేటికిని నెల్లూరు పేరుమీద నెలోర్ అని పిలువబడుచున్నవి. మా నాయన కొన్నవి అంత పేరుగలవి కావు. జతలో ఒకటి మైలెద్దు. అది సాధువు, పసిపిల్ల పలుపు పట్టుకొన్నను వెంట నడిచేది. రెండవది కర్రెద్దు. సంతలో దాని ధర తక్కువ చెప్పినప్పుడే అనుమానపడవలసినది.

ఆ కర్రెద్దు తన్నేది. కాడి ఎత్తగానే తల విదిలించేది. ఎడమ ప్రక్కనుండి ఎవరు వచ్చినను కొమ్ము త్రిప్పేది. రెండు నెలలలో మూడు పలుపులు తెంచినది. కపిల తోలేటప్పుడు ఎద్దులు ఏటవాలుగా దిగి తొండమును పైకి లాగి, నీళ్లు కాలువలో పడిన తరువాత వెనుకకు నడిచి రావలెను గదా. ఇది దిగుట బాగుగానే దిగేది. వెనుకకు రమ్మంటే మోరాయించి నిలిచేది. అయితే ఒక్క మాట చెప్పవలెను. నాగలికి కట్టి చాలు పట్టించిన తరువాత దానికి సాటి లేదు. మైలెద్దు నాలుక బయట పెట్టిన వేళకు కూడ అది ఊపిరి మార్చేది కాదు. జతగానిని కూడ తానే లాగుకొని పోయేది. మా నాయన దానిని తిట్టుచు, తిట్టుచునే మెచ్చుకొనేవారు.

ఒకనాటి ఉదయము కాడి వేయుచుండగా అది మా నాయన ముంగాలి ఎముకమీద తన్నినది. పది దినములు ఆయన మంచము దిగలేదు. మా అమ్మ, "దాన్ని అమ్మేయండి, లేకుంటే నా పసుపు కుంకుమ అది తీస్తుంది" అని ఏడ్చినది. పదకొండవ దినమున నాయన కుంటుచు దొడ్డిలోనికి పోయి, దానిని రాటకు బిగించి కట్టి, ముల్లుకర్ర తీసుకొన్నారు. ఆ దెబ్బలు మేము పిల్లలము గోడ ప్రక్కనుండి విన్నాము. ఎద్దు అరవలేదు. అది మాకు ఇంకను భయము కలిగించినది.

ఆ వేళకు మన సంఘపు పెద్ద ఒకరు దారిన పోవుచు ఆగారు. తోలుపనిలో చెయ్యి తిరిగినవారు. మేము ఆయనను పెదనాయన అని పిలిచేవారము. మాట కరుకు. గుడిలో ఎవరైనను కునికితే పేరు పెట్టి లేపేవారు. ఆయన లోపలికి వచ్చి నాయన చేతిలోని కర్ర పట్టుకొన్నారు.

"తమ్ముడూ, కొట్టింది చాలు. అది ఎందుకు తన్నిందో అడిగినావా?"

"ఎద్దును అడిగేదేందన్నా?"

"నోటితో కాదు. చేత్తో అడుగు."

పెదనాయన ఎదుటనుండి వెళ్లి, ముందు తన చెయ్యి వాసన చూడనిచ్చారు. ఒక చేత ముకుతాడు పట్టుకొని, రెండవ చేతిని మెల్లగా మెడమీదికి, మూపురము ముందటికి పోనిచ్చారు. ఒక చోట చెయ్యి తగలగానే ఎద్దు ఒళ్లంతా జలదరించినది. అక్కడ వెండ్రుకలు ప్రక్కకు తీసి చూపించారు. రూపాయి బిళ్లంత పుండు. పైన ఎండినట్లున్నది గాని లోపల చీము పట్టియున్నది. తరువాత ఆయన కాడిని వెలుగులోనికి తెచ్చి అడుగు భాగమును వ్రేళ్లతో తడిమారు. ఎడమ వైపున ఒక కణుపు లేచియున్నది. ఆ ప్రక్క పట్టెడ కూడ పొట్టిది.

"ఈ కాడి ఎవరి మెడకు చెక్కించినావు?" అని అడిగారు.

నాయన తల వంచుకొన్నారు. ఎద్దులు కొనుటకే డబ్బు చాలక, ఒక ఆసామి దొడ్డిలో మూలపడియున్న పాత కాడిని ఉచితముగా అడిగి తెచ్చుకొన్నారు. ఎద్దు మెడకు కొలత చూడలేదు.

సహోదరులారా, ఇక్కడే అసలు పరీక్ష వచ్చినది. అది వేరుశనగ విత్తే కాలము. ఆ రాత్రియే వాన పడినది. నేల పదును మీద ఉన్నది. ఆ పదును పోతే ఆ ఏటి పంట పోవును. పంట పోతే ఎద్దులకు తెచ్చిన అప్పు నిలుచును. పెదనాయన మాత్రము, "పుండు మానేదాకా దాని మెడమీద పుల్ల కూడ పెట్టొద్దు" అన్నారు. నాయన ఆ రాత్రి అన్నము తినలేదు. తెల్లవారి దీపము వెలుతురులో దొడ్డిలోనికి పోయి చాలసేపు నిలిచారు. తరువాత కర్రెద్దును కట్టకుండానే, మైలెద్దు ఒక్కదానిని విప్పుకొని బయటికి వచ్చారు. జతకు మరొక ఎద్దును బదులిమ్మని సంఘస్థుల ఇండ్లకు పోయారు. సొంత విత్తనపు పని ఆపుకొని ఎద్దును ఇచ్చేవారెవరు? ఇద్దరు ఇచ్చారు. ఒకరు తెల్లవారుజామునుండి పొద్దు ఎక్కేవరకు, మరొకరు సాయంకాలము. చేను సగమే విత్తగలిగాము. ఆ ఏట సగము పంటయే పండినది.

ఈలోగా పెదనాయన ప్రతి దినము వచ్చి పుండు కడిగి, వేపనూనె, పసుపు రాసేవారు. వడ్రంగి కాడిని నున్నగా చెక్కినాడు. పెదనాయన దానికి మెత్తని తోలు కుట్టి, పట్టెడను మార్చారు. పుండు మానినది.

పుండు మానినది గాని పొగరు మానలేదు. ఈ మాటను మేము దాచము. ఆ ఎద్దు గొఱ్ఱెపిల్లగా మారినదని చెప్పితే కథ బాగుండును గాని అది నిజము కాదు. కాడికి తల విదిలించుట మానినది, వెనుకకు నడుచుట నేర్చినది. అయితే కొత్తవారిని చూచితే తన్నుట మానలేదు. నాయన మమ్మును ఎన్నడును దాని వెనుక కాళ్ల దగ్గరకు పోనిచ్చేవారు కారు. అయినను ఆ ఎద్దు మా ఇంట తొమ్మిదేండ్లు దున్నినది. ఒక ఐప్పసి మాసపు వానలో, మూటల బండి కొసస్థలి ఏటి ఇసుకలో ఇరుసు వరకు దిగబడి, నీరు పెరుగుచుండగా, మైలెద్దు మోకాళ్లమీద కూలినది. కర్రెద్దు తల వంచి, ముక్కునుండి నురుగు కారుచుండగా, బండిని, బండిమీది మా తమ్ముని, కూలిన జతగానిని కూడ గట్టుకు లాగినది. గట్టెక్కిన తరువాత మెచ్చుకొని నిమరబోయిన నాయనను తన్నబోయినది. ముసలిదై పని మానిన తరువాత కూడ నాయన దానిని రెండేండ్లు ఊరకనే మేపారు. అప్పుడును తన్నేది.

ప్రియులారా, ఈ ఎద్దును తలంచినప్పుడెల్ల మాకు మూడు సంగతులు కనబడుచున్నవి.

మొదటిది: శుభ్రమైన దొడ్డిని చూచి సంతోషింపకూడదు.

సామెతలు 14:4ను మన తెలుగు బైబిలులో చదివితే, ఎద్దులు లేనిచోట గాదెలో ధాన్యముండదని భావము. కొన్ని ఇతర తర్జుమాలలో, ఎద్దులు లేనిచోట పశువుల తొట్టి శుభ్రముగా ఉండునని భావము. రెండును నిజమే. ఎద్దు లేకపోతే పేడ ఎత్తే పని లేదు, తన్నులు లేవు, పలుపులు తెగవు. గింజలు కూడ లేవు. సొలొమోను ఆ రెంటిని తూచి, పంట కలుగునది ఎద్దు బలముచేతనే అని తేల్చి చెప్పుచున్నాడు. పాలిచ్చే ఆవు తన్నినా పడవలెనని మన పెద్దలు అనేది ఇందుకే.

రెండవది: కొట్టకమునుపు అడుగవలెను.

సంఖ్యాకాండము 22వ అధ్యాయములో బిలాము తన గాడిదను మూడుసార్లు కొట్టినాడు. అది ఎన్నడును అట్లు చేసినది కాదు. ఎందుకు చేయుచున్నదని ఒక్కసారియైనను ఆలోచింపలేదు. దూత కత్తి దూసి నిలిచినది గాడిదకు కనబడినది, ప్రవక్తకు కనబడలేదు. నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరిగి చూచుకొనునని సామెతలు 12:10 బోధించుచున్నది. నూర్చెడు ఎద్దు నోటికి చిక్కము వేయవద్దని ద్వితీయోపదేశకాండము 25:4లోను, విశ్రాంతి దినమున ఎద్దుకు, గాడిదకు కూడ విశ్రాంతి ఉండవలెనని నిర్గమకాండము 23:12లోను దేవుడు ఆజ్ఞాపించినాడు. పశువు ఆకలిని, అలసటను ధర్మశాస్త్రములో వ్రాయించిన దేవుడు మన పొరుగువాని పుండును అడుగకుండ విడిచిపెట్టునా?

మూడవది: దేవుడు తన్నేవానిని పారవేయడు, కాడికి సరిచేయును.

దమస్కు మార్గమున సౌలు తనను పొడుచుచున్న మునికోలకు ఎదురు తన్నుచున్నాడని ప్రభువే చెప్పినట్లు అపొస్తలుల కార్యములు 26:14లో చూచుచున్నాము. రైతు భాష అది. తన్నే ఎద్దును చూచి యేసు దానిని సంతకు తోలలేదు. తన పొలమునకు తోలుకొన్నాడు. అందరికంటె ఎక్కువగా ప్రయాసపడితినని ఆ పౌలే 1 కొరింథీయులు 15:10లో చెప్పుకొన్నాడు; అది తన బలము కాదు, కృపయే అనికూడ చెప్పినాడు. రక్షింపబడిన తరువాత కూడ పౌలు మాట కరుకే. మార్కు విషయమై బర్నబాతో తీవ్రముగా వాదించి విడిపోయినాడు. అయినను కడపట, 2 తిమోతి 4:11లో, ఆ మార్కునే తన యొద్దకు తోడుకొని రమ్మని, అతడు పరిచర్యకు ఉపయోగపడునని వ్రాసినాడు. ఈ మాటకు ముందు ఎన్ని ఏండ్ల ఓర్పు గడిచినదో ఆలోచించండి.

ఇంతవరకు చెప్పినది సులభము. ఇకమీదిది మా ఒప్పుకోలు.

ఎద్దు మెడ తడిమి పుండు చూపించిన ఆ పెదనాయన ముసలితనమువరకు మన సంఘపు పని మానలేదు. గంట కొట్టినది ఆయన. చాపలు దులిపినది, దీపము తుడిచినది ఆయన. అన్నిటికంటె ముఖ్యముగా, శనివారము సాయంకాలము పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పినది ఆయన. మన పిల్లలు బడిలో తమిళము చదువుదురు. తెలుగు వారికి ఇంటి మాటగా మిగిలినది గాని, చదువుగా మిగులలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము వారి చేతిలో తెరుచుకొన్నదంటే ఆ శనివారముల వలననే.

అయితే ఆయన నోరు పెద్దదైనది. ఆలస్యముగా వచ్చిన స్త్రీలను గుమ్మము దగ్గరే గద్దించేవారు. లెక్క తప్పిన కోశాధికారిని అందరి ఎదుట నిలదీశారు. ఒకనాడు, గొణుగుచున్నావని ఒక పిల్లవాని చేతిలోని పుస్తకమును లాగివేశారు. వాడు ఏడ్చుచు ఇంటికి పోయినాడు. కమిటీ కూడినది. మేమందరము తల ఊపాము. "అయ్యా, పెద్దవారైనారు, ఇక విశ్రాంతి తీసుకోండి" అని చెప్పాము. మాటలు తేనెవంటివి. వాటి అర్థము ఆయనకు తెలిసినది. మరుసటి ఆదివారమునుండి ఆయన రాలేదు.

గుడి నెమ్మదిగా ఉన్నది. ఎవరును ఎవరిని గద్దించలేదు. మేము దేవునికి స్తోత్రము చెల్లించాము. దొడ్డి శుభ్రమైనది.

ఆ మరుసటి క్రిస్మసునాడు లూకా 2వ అధ్యాయము చదువుటకు ఒక బాలికను నిలువబెట్టాము. ఆమె చేతిలో బైబిలు లేదు, ఒక కాగితమున్నది. తెలుగు వచనములను తమిళ అక్షరములలో వ్రాసుకొని వచ్చినది. ఎక్కడను తడబడక చదివినది. అందరు చప్పట్లు కొట్టారు. పెద్దలమైన మేము ఒకరి ముఖమొకరము చూచుకొన్నాము. ఆయన ఆగిన తరువాత శనివారపు బడిని ఎవరును తీసుకొనలేదు. ఒక్క ఏడాదిలో గాదెలో గింజలు లేకపోయినవి.

ఆ వారమే ఆయన ఇంటికి పోయాము. వెనుకనుండి పిలిచాము. పలుకలేదు. కోపముతో ఉన్నారనుకొన్నాము. మరల పిలిచాము. పలుకలేదు. ఎదుటికి పోయి నిలిచినప్పుడు ఉలిక్కిపడి, "ఎప్పుడొచ్చినారు?" అని అరిచినట్లుగా అడిగారు. అప్పుడు మాకు తెలిసినది. ఆయనకు చెవులు వినబడుట లేదు. ఎప్పటినుండియో వినబడుట లేదు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు. పిల్లలు పెదవులు కదుపుచు తనను వెక్కిరించుచున్నారనుకొన్నారు. ఎద్దు మెడను చేత్తో అడిగిన ఆ మనుష్యుని మెడను మాలో ఒక్కరమును తడిమి చూడలేదు. ప్రతి ఆదివారము ఆయన కొట్టిన గంట విని కూడ, ఆయనకు ఆ గంట వినబడుచున్నదా అని అడుగలేదు.

మేము తప్పు ఒప్పుకొన్నాము. ఆయన మాట్లాడలేదు. రెండు నెలలు గడిచినవి. ఒక ఆదివారము వచ్చి వెనుక చాపమీద కూర్చున్నారు. ఆరాధన ముగియగానే లేచి అందరికి వినబడునట్లు, "గంట తాడు పీచులు పీచులైపోయింది. ఇంతమందిలో ఒక్కరికీ కండ్లు లేవా?" అన్నారు. ఆ గద్దింపు ఆ దినపు ప్రసంగముకంటె మాకు తియ్యగా ఉన్నది.

ఇక్కడ కూడ నిజమే చెప్పెదము. అంతయు చెవుడు వలననే కాదు. పుండు మానినను పొగరు కొంత ఉండును. అందుచేత నాయన చేసినట్లే చేశాము. పిల్లలను ఎద్దు వెనుక కాళ్ల దగ్గర ఉంచలేదు. దుడుకు ఎద్దును నిదానమైన ఎద్దుతో జతకట్టుట రైతులకు తెలిసిన పద్ధతియే. శనివారపు బడిలో ఆయన ప్రక్కన ఒక యౌవన సహోదరిని కూర్చుండబెట్టాము. పిల్లలు ఆమెకు చదివి వినిపించుదురు; ఆయన పలకమీద అక్షరములు దిద్దుదురు. ఎవరి పుస్తకమును ఎవరును లాగకూడదని ఆయనతోనే స్పష్టముగా చెప్పాము. ప్రేమ అనగా తన్నులు తినుట అని మేము బోధింపము. పిల్లలకు, బలహీనులకు హాని చేయువానిని ఆపుట కూడ కాపరి పనియే. అయితే ఆపుట వేరు, అమ్మివేయుట వేరు.

సహోదరులారా, మీ సంఘములో ఒక కర్రెద్దు ఉండవచ్చును. అంబత్తూరులోను గుమ్మిడిపూండిలోను షిఫ్టు పని ముగించుకొని, నిద్ర మాని వచ్చి, పాకమీద ఆకులు కప్పి, ఆ తరువాత అందరితో జగడమాడే సహోదరుడు ఉండవచ్చును. మీ ఇంటిలోనే ఉండవచ్చును. అందరికి వండిపెట్టి, వడ్డించుచు సణిగే అత్తగారు. ఇంటి బరువంతా మోయుచు ఎవరితోను నవ్వని పెద్ద కుమారుడు. వారి సణుగుడును లెక్కపెట్టుచున్నాము. వారి మెడను తడిమితిమా? వారిమీద మనము వేసిన కాడి వారి కొలతకు చెక్కినదేనా, లేక ఎక్కడనో ఊరక దొరికినదా?

మరియొక సంగతి. ఇంతవరకు మనము రైతు స్థానములో నిలిచి మాటలాడితిమి. నిజమునకు మనమే ఆ ఎద్దులము. ఇశ్రాయేలు మొండి పెయ్యవలె ఉన్నదని హోషేయ 4:16లో దేవుడు బాధపడినాడు. అదే హోషేయ 11:4లో, కాడిని ఎత్తి, వంగి మేత పెట్టువానివలె తానున్నానని చెప్పినాడు. తన్నిన ఎద్దు ముందు వంగుట రైతుకు ఎంత అపాయమో మా నాయనను చూచిన మేమెరుగుదుము. మన ప్రభువు వంగినాడు. మన దెబ్బ ఆయనకు తగిలినది. సిలువయందు తగిలిన ఆ గాయముతోనే ఆయన మనలను పిలుచుచున్నాడు.

యేసు వడ్రంగి. ఆయన నాగళ్లను, కాడిమానులను చేసెనని 2వ శతాబ్దపు క్రైస్తవుడైన జస్టిను వ్రాసియున్నాడు. మెడ కొలత చూడక కాడి చెక్కే వడ్రంగి కాడు ఆయన. ప్రయాసపడి భారము మోయువారిని తన యొద్దకు రమ్మన్నప్పుడు, కాడియే లేని బ్రదుకును ఆయన ఇచ్చెదననలేదు. తన కాడి సుళువైనదని, దానిని ఎత్తుకొని తన వద్ద నేర్చుకొనుమని చెప్పినాడు. చేను ఉన్నది, దున్నవలసి యున్నది. అయితే మన ప్రక్కన నడచుచు బరువు మోయువాడు ఆయనే.

ఆదివారపు బడిలో ఆ చిన్నవానికి మేము చివరకు ఇట్లు చెప్పాము: "నాయనా, కావడిని ఒక్కడే మోయును. కాడిని ఇద్దరు మోయుదురు." వానికి అర్థమైనది. మనకును అర్థమగును గాక.

ఈ వారము మీలో ప్రతివారును ఒక మనుష్యుని ఇంటికి పొండి. కష్టపడే మనుష్యుడై, మనకు కష్టముగా ఉన్న మనుష్యుని ఎన్నుకొనండి. ఎదుటనుండి పొండి, వెనుకనుండి కాదు. గద్దింపకమునుపు అడుగుడి. ఒకవేళ ఆ ఇల్లు మన సొంత ఇల్లే అయితే, ఈ రాత్రియే అడుగుడి.

మన కాడిని చెక్కిన ప్రభువు, మన మెడలను ఎరిగిన ప్రభువు, తన పొలములో మనలను జతగా నడిపించి, మన గాదెలను, మన పిల్లల నోళ్లను తన వాక్యముతో నింపును గాక. ఆమేన్.